బల్గేరియాలో వసంతం ఏనాడు మొదలవుతుంది?

మార్చి 20 ప్రాంతంలో సూర్యుడు ఖగోళ మధ్యరేఖను, అంటే భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతను, దాటి ఉత్తరానికి మళ్లే క్షణాన్ని వసంత విషువత్తు అంటారు. ఆ రోజున పగలూ రాత్రీ సరిసమానమని బడిలో చదువుకుంటాం కానీ, బల్గేరియా రాజధాని సోఫియాలో ఆనాటి పగలు 12 గంటల కంటే దాదాపు 9 నిమిషాలు ఎక్కువే ఉంటుంది. గాలి పొరలు కాంతిని వంచడం వల్ల దిగంతానికి కాస్త దిగువనున్న సూర్యుడు కూడా కంటికి కనిపిస్తాడు. పైగా సూర్యబింబం పై అంచు కనబడగానే సూర్యోదయమైనట్టు లెక్కిస్తాం. ఆ రోజుల్లో సోఫియాలో పగలు రోజుకు సుమారు 3 నిమిషాలు పెరిగితే, భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న హైదరాబాదులో ఒక్క నిమిషమే పెరుగుతుంది. వసంతం కోసం బల్గేరియన్లు అంతగా ఎదురుచూడడంలో ఆశ్చర్యమేమీ లేదనిపిస్తుంది.

అయితే వారి వసంత సంబరం విషువత్తు దాకా ఆగదు. మార్చి 1నే ‘బాబా మార్తా’, అంటే మార్చి అవ్వ, వచ్చేస్తుంది. ఆమె నవ్వితే ఎండ కాస్తుందని, కోపగిస్తే మంచు కురుస్తుందని చెబుతారు. పగలు పెరుగుతున్నా నేల ఇంకా వేడెక్కదు, ఉత్తరాది చలిగాలి అప్పుడప్పుడూ వచ్చిపడుతూనే ఉంటుంది కనుక, మార్చి నెల తీరుకు ఈ అవ్వ స్వభావం చక్కగా సరిపోతుంది. ఆ రోజున ఎరుపు, తెలుపు దారాలు పేనిన ‘మార్తెనిత్సా’లను ఆయురారోగ్యాలు కోరుతూ ఒకరికొకరు ఇచ్చుకుంటారు. కొందరు వాటిని మణికట్టుకు కట్టుకుంటారు, కొందరు చొక్కాకు పెట్టుకుంటారు. పీజో, పెందా అనే జంట బొమ్మలనూ ఈ దారాలతోనే చేస్తారు. బల్గేరియా, ఉత్తర మాసిడోనియా, మొల్డోవా, రొమేనియా దేశాల మార్చి 1 ఆచారాలను యునెస్కో 2017లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ పంచాంగం కథ కూడా చెప్పుకోవాలి. 1916 దాకా బల్గేరియాలో పాత జూలియన్ క్యాలెండరే నడిచేది. 20వ శతాబ్దం ఆరంభంలో అది గ్రెగోరియన్ లెక్క కంటే 13 రోజులు వెనకబడి ఉండటంతో, అప్పటి మార్చి 1 ఇప్పటి లెక్కలో మార్చి 14న, విషువత్తుకు వారం ముందు వచ్చేది. మార్చి 9న జరిపే నలభై మంది క్రైస్తవ అమరుల పండుగ మార్చి 22న పడేది. 1968లో బల్గేరియన్ ఆర్థడాక్స్ చర్చి స్థిర తేదీల పండుగలకు కొత్త లెక్క పాటించడంతో అది తిరిగి మార్చి 9కి చేరింది. మార్చి 22ను మాత్రం జనం నేటికీ ‘తొలి వసంతం’ అంటారు.

తేదీలు ఇలా జరుగుతూ వచ్చినా, మార్తెనిత్సాను విప్పే వేళను ప్రకృతే చెబుతుంది. స్టార్క్ అనే పెద్ద కొంగో, వానకోవెలో, పూత పట్టిన చెట్టో మొదటిసారి కంటబడగానే దాన్ని విప్పి పండ్ల చెట్టు కొమ్మకు కడతారు. ఈ గుర్తుల్లో ఒక్కోదానికి ఒక్కో గడియారం ఉండటమే నాకు అన్నిటికంటే ఆసక్తికరం. ఆఫ్రికాలో చలికాలం గడిపే స్టార్క్‌కు సోఫియాలో చలి తగ్గిందో లేదో తెలిసే వీలు లేదు. ఒంట్లోని వార్షిక లయే దాన్ని బయలుదేరదీస్తుంది. వేడి నేల మీద పైకి లేచే గాలి ఆసరాతోనే రెక్కలాడించకుండా తేలుతూ వెళ్తుంది కనుక, మధ్యధరా సముద్రాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగి టర్కీలోని సన్నని బాస్ఫరస్ జలసంధి మీదుగా వస్తుంది. ప్లమ్ చెట్టు అలా కాదు. చలికాలంలో తగినంత చలి తిన్నాక, ఆ చోట పోగయ్యే వెచ్చదనాన్ని బట్టి మొగ్గ విప్పుతుంది. వెచ్చని ఏడాదిలో పూత ముందే వస్తుంది, చలి సాగితే కొంగే ముందు కనిపించవచ్చు. ఏ గుర్తూ కనబడకపోతే, చాలామంది నెలాఖరున దారం విప్పి దగ్గర్లోని చెట్టుకు కట్టేస్తారు.