వచనాన్ని తప్పొప్పులతోనే కొలిచాం: మద్రాసు నేర్పిన ఒక అలవాటు

పద్యం పాఠమైతే ప్రతిపదార్థం, ఛందస్సు, అలంకారం అన్నీ అడుగుతాం. వ్యాసమో, యాత్రాచరిత్రో, స్వీయచరిత్రలో ఒక భాగమో అయితే సారాంశం రాయమని ఊరుకుంటాం. రచయిత ఎవరిని మనసులో పెట్టుకుని రాశాడు, ఎక్కడ పొట్టి వాక్యం వేశాడు, ఎక్కడ సంస్కృత సమాసాన్ని ఆశ్రయించాడు అనే ప్రశ్నలు తెలుగు తరగతిలో అరుదు. చెన్నైలో తెలుగు చదువుకునే పిల్లలకూ అదే పద్ధతి అందింది. దాని మూలాలు వెతుక్కుంటూ వెళ్తే చాలావరకు ఈ నగరంలోనే తేలుతాం.

నిజానికి ఇక్కడ ఆరంభం గొప్పగా జరిగింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట మరొకరికి అనువదించి చెప్పే ఉద్యోగిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లకు రాసి పంపిన విశేషాలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఊరి దూరం, నీటి వసతి, బస, దొరికే సరుకులు చెప్పేటప్పుడు ఆయన వాక్యం నేరుగా నడుస్తుంది. ముసాఫరులు, సవారీ, కచ్చేరి, సర్కారు వంటి మాటలు ఏ సంకోచమూ లేకుండా వచ్చేస్తాయి. దేవుడి గురించో, ఆచారాల గురించో ఆలోచనలో పడినప్పుడు అదే కలం సంస్కృతం వైపు మళ్లుతుంది, వాక్యం సాగుతుంది. తర్వాత అదే దారిన వెళ్లేవాడికి పనికివచ్చే సమాచారానికి ఒక భాష, తనలో తాను తర్కించుకోవడానికి మరొకటి. వచనంలో భాషను పరిశీలించడం నేర్పాలంటే ఇంతకన్నా మంచి పుస్తకం నాకు తోచదు.

తర్వాత రెండు దారులు చీలాయి. 1851 ప్రాంతంలో సి.పి. బ్రౌన్ ఇంగ్లీషు అధికారులకు తెలుగు నేర్పడానికి ఒక వాచకం వేశారు. అందులోవి సొంత జాబులు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు. అవసరం పడి మనుషులు రాసుకున్న వచనం అది. 1853లో పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' వచ్చింది, 1858లో 'బాలవ్యాకరణం'. సూరి వచనంలోని బిగువు, లయ సామాన్యమైనవి కావు, వాటిని నేను మనసారా ఇష్టపడతాను. కానీ ఆ పుస్తకం పంచతంత్ర కథల సంపుటి. బడిపిల్లలకు అదే ఒరవడి అయ్యేసరికి వాదనకూ, నివేదికకూ, యాత్రా కథనానికీ కూడా అదే కొలత అయింది. పరాయి అధికారులకు నిత్యవ్యవహారపు వచనం, మన పిల్లలకు కావ్యభాషలోని కథ. ఒకే నగరంలో, రెండేళ్ల తేడాలో ఇలా జరగడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆ కొలత మీదే ఇరవయ్యో శతాబ్దపు పెద్ద తగవు లేచింది. పరీక్షలో విద్యార్థి వ్యాసం ఏ భాషలో రాయాలి? 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, దాని పక్షాన జయంతి రామయ్య పంతులు పాత కావ్యాల భాష అయిన గ్రాంథికం వైపు నిలబడ్డారు. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు వాడుక భాష అయిన వ్యావహారికం వైపు నిలిచారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. ఫలితం మాత్రం అప్పటికి గ్రాంథికవాదుల పక్షానే వచ్చింది.

ఈ పోరాటంలో వచనం మీద అసాధారణమైన శ్రమ జరిగింది. గ్రాంథికం తప్ప మరొకటి కూడదన్న పండితులే దానిని తప్పు లేకుండా రాయలేకపోతున్నారని గిడుగు వారి రచనల నుంచే ఉదాహరణలు తీసి చూపించారు. పాత వచనంలోని వాడుక రూపాలను 'గద్యచింతామణి'లో పోగుచేశారు. అంత ఓపికగా తెలుగు గద్యాన్ని చదివినవారు అరుదు. అయినా ఆ చదువంతా ఒక్క నిరూపణ కోసం: ఈ రూపం సాధువా, అసాధువా, అంటే వ్యాకరణం ఒప్పుకునేదా, కాదా? ప్రాణం మీదికి వచ్చిన వాదంలో గిడుగుకు మరో దారి లేదు. ఆయన గెలిచాక, రచయిత ఆ రూపంతో ఏం సాధించాడన్న తర్వాతి ప్రశ్న వేయవలసింది మనం. వేయలేదు.

పత్రికలు మాత్రం ఆగలేదు. 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టిన 'ఆంధ్రపత్రిక' 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రికయింది. 1938లో ఇక్కడే 'ఆంధ్రప్రభ' మొదలైంది. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో దాని సంపాదకీయాలు సూటి వాక్యానికి పేరుపడ్డాయి. పొద్దున్నే పత్రిక విప్పే పాఠకుడికి విషయం అందాలి కాబట్టి, విశ్వవిద్యాలయం తేల్చలేనిది పత్రికల పేజీల్లో మెల్లగా తేలింది.

తరగతి గది ఆ వేగాన్ని అందుకోలేదు. తమిళనాడులో 2006 చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగుకు చోటు ఇంకా ఇరుకైంది. ఉన్న కాస్త సమయంలో సారాంశం రాయించడమే తేలిక. అయితే ఇప్పుడు ఈ పరిశీలన మునుపటికన్నా అవసరం. 'కాల్పులు జరిగాయి' అని వార్త రాస్తే కాల్చినవారు వాక్యంలోంచే మాయమవుతారు. 'పోలీసులు కాల్చారు' అంటే కర్త కళ్లెదుట నిలబడతాడు. రెండూ వ్యాకరణం ప్రకారం ఒప్పే, సారాంశంలోనూ పెద్ద తేడా రాదు. నూరేళ్లకు పైగా మనం పట్టుకున్న రెండు కొలతలకూ ఈ తేడా చిక్కదు. వీరాస్వామయ్య పుస్తకంలోంచి ఒక మజిలీ వర్ణన, ఈనాటి పత్రికలోంచి ఒక వార్త పక్కపక్కన పెట్టి, ఎవరు ఎవరికి చెబుతున్నారు, ఏది దాస్తున్నారు అని అడిగితే తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు. అందుకు ఒక్క పీరియడు చాలు.