పంచదార మిల్లు, ఆస్పిరిన్, రాకెట్ ఇంధనం: కెమికల్ ఫ్యాక్టరీల చుట్టరికాలు

స్కూల్ పుస్తకంలో రసాయన పరిశ్రమల రకాలు అని ఒక టేబుల్ ఉంటుంది, యాసిడ్లు క్షారాలు చేసేవి ఒక గడిలో, ఎరువులవి ఇంకో గడిలో, మందులు, ప్లాస్టిక్, రంగులు, సబ్బులు అలా కిందకి. పరీక్షకి అది చాలు. కానీ నిజంగా ఫ్యాక్టరీలు నడిచే తీరు వేరు, ఒకడి దగ్గర మిగిలిపోయింది ఇంకొకడికి ముడిసరుకు, ఏది ఏ గడిలో పెట్టాలో తేల్చడం కష్టం.

తణుకు ఆంధ్రా షుగర్స్ సంగతే తీసుకోండి. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు మొదలుపెట్టిన కంపెనీ, పేరు వింటే పంచదార మిల్లు అనుకుంటాం, అదీ నిజమే. కానీ కాస్టిక్ సోడా చేస్తారు, సల్ఫ్యూరిక్ యాసిడ్ చేస్తారు, ఆస్పిరిన్ చేస్తారు, అన్నిటికీ మించి ఇస్రో రాకెట్లకి వాడే యూడీఎంహెచ్ అనే ద్రవ ఇంధనం చేస్తారు. పీఎస్‌ఎల్‌వీ రెండో దశలో ఉండే వికాస్ ఇంజిన్‌లో మండేది ప్రధానంగా ఇదే, దాన్ని మండించడానికి పక్క ట్యాంకులో ఉంచే నైట్రోజన్ టెట్రాక్సైడ్ తగిలితే చాలు భగ్గుమంటుంది, విడిగా నిప్పు పెట్టే పని లేదు.

చెరుక్కీ రాకెట్‌కీ ఏంటి సంబంధం అంటే, నేరుగా ఏమీ లేదు. కానీ మెట్లు మెట్లుగా చూస్తే ఒక కెమికల్ వ్యాపారం ఎలా పెరుగుతుందో అర్థమవుతుంది. చెరుకు రసం తీశాక పిప్పి బాయిలర్‌లోకి పోతుంది, పంచదార తీశాక మిగిలిన మొలాసిస్‌ని పులియబెడితే ఆల్కహాల్, ఆ ఆల్కహాల్ నుంచి ఎసిటిక్ యాసిడ్, దాన్నుంచి ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ చెయ్యొచ్చు. ఆస్పిరిన్‌కి కావాల్సిన రెండు సరుకుల్లో ఇదొకటి. రెండోది సాలిసిలిక్ యాసిడ్, అది కావాలంటే ఫినాల్‌ని కాస్టిక్ సోడాతో కలిపి ఒత్తిడిలో కార్బన్ డయాక్సైడ్ పట్టించాలి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ చెప్తే రోజూ వేసుకునే చిన్న మాత్ర వెనకాల ఇన్ని గడులు ఉన్నాయన్నమాట.

ఇక కాస్టిక్ సోడా, నాకు అన్నిటికంటే ఇంట్రెస్టింగ్‌గా అనిపించేది ఇదే. గోదావరి ఒడ్డున కొవ్వూరులో ఆంధ్రా షుగర్స్ వాళ్ళ ప్లాంట్ ఉంది (కొత్త జిల్లాల లెక్కలో ఇప్పుడది తూర్పు గోదావరి, పాతవాళ్ళు ఒప్పుకోరు లెండి). ఉప్పునీళ్ళలోంచి కరెంటు పంపిస్తే ఒకేసారి మూడు వస్తాయి: కాస్టిక్ సోడా, క్లోరిన్, హైడ్రోజన్. టన్ను కాస్టిక్‌కి సుమారు టన్నున్నర ఉప్పు, రెండువేల పైచిలుకు యూనిట్ల కరెంటు కావాలి. టన్ను కాస్టిక్ వచ్చిందంటే దాంతోపాటు 880 కిలోలకి పైగా క్లోరిన్ వచ్చి తీరుతుంది, నాకు కాస్టిక్ ఒక్కటే చాలు అంటే కుదరదు. కవల పిల్లల్లాగా ఒకళ్ళకి సంబంధం కుదిరి రెండోవాళ్ళకి కుదరకపోతే ఇంట్లో ఎలా ఉంటుందో ఇక్కడా అంతే. కాస్టిక్‌కి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, సబ్బులకి, పేపర్ మిల్లులో కలప గుజ్జుకి, బాక్సైట్ ఖనిజం నుంచి అల్యూమినియంకి కావాల్సిన అల్యూమినా తీయడానికి. క్లోరిన్ అలా కాదు, అది విషవాయువు, ఎక్కువ నిల్వ పెట్టుకోలేరు, దూరం తోలడం ప్రమాదం, అందుకే ఒక్కోసారి మన దేశంలో క్లోరిన్ తీసుకెళ్ళే వాడికే ఎదురు డబ్బులిచ్చి పంపే పరిస్థితి వస్తుంది. కొంత హైడ్రోజన్‌తో కలిపి మండించి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చేస్తారు, కొంత సున్నానికి పట్టించి బ్లీచింగ్ పౌడర్ చేస్తారు, కొంత మున్సిపాలిటీ నీళ్ళ శుద్ధికి పోతుంది, ఇంకా పీవీసీ పైపుల్లోకి, పురుగుమందుల్లోకి, బల్క్ డ్రగ్స్ అనే ముడిమందుల్లోకి. వర్షాకాలంలో పంచాయతీ వాళ్ళు చల్లే ఆ తెల్లపొడి ఒకరకంగా సబ్బు పరిశ్రమ చలవే.

ఎరువుల వైపూ ఇదే కథ. రామగుండంలో సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీసి, గాలిలో నైట్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేస్తారు. హైడ్రోజన్ తీసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్‌ని వదిలెయ్యరు, దాన్నే అమ్మోనియాతో కలిపితే యూరియా, అందులో 46 శాతం నైట్రోజన్. రామగుండంలో పాత ప్లాంట్ బొగ్గుతో నడిచేది, మూతపడింది, మళ్ళీ 2021లో గ్యాస్‌తో మొదలైంది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. వైజాగ్‌లో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీలో అయితే సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఫాస్ఫేట్ రాయిని కరిగించి ఫాస్ఫారిక్ యాసిడ్ తీస్తారు, ఈ పద్ధతిలో టన్ను యాసిడ్‌కి నాలుగైదు టన్నుల జిప్సం గుట్టపడుతుంది, దాంట్లో కొంత సిమెంట్ ఫ్యాక్టరీలు కొనుక్కుంటాయి, మిగతా గుట్ట అక్కడే. ఎవడూ కొనకపోతేనే దాని పేరు వ్యర్థం.

నిల్వ అనేది ఎంత పెద్ద విషయమో 2020 మే 7 తెల్లవారుజామున వైజాగ్ ఆర్.ఆర్.వెంకటాపురంలో, ఎల్జీ పాలిమర్స్ ప్లాంట్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు చూశాం. స్టైరీన్ అంటే థర్మాకోల్‌కి ముడిసరుకు, చల్లగా, దానంతటదే గడ్డకట్టి ప్లాస్టిక్‌గా మారకుండా కట్టడి చేసే మందు కలిపి ఉంచితే మామూలు ద్రవం. లాక్‌డౌన్‌లో ట్యాంకులో ఊరికే ఉండిపోయింది, వేడెక్కింది, దానంతటదే పాలిమర్‌గా, అంటే ప్లాస్టిక్‌గా మారడం మొదలుపెడితే ఆ మార్పు ఇంకా వేడి పుట్టించింది, ఆవిరి ఊళ్ళోకి వచ్చేసింది, 12 మంది చనిపోయారు. ప్లాంట్ ఆగి ఉన్నప్పుడు జరిగింది ఇది, నడుస్తున్నప్పుడు కాదు.