చారు మరిగించకండి: పెళ్లివంటల పొయ్యి దగ్గరి మాట

పెళ్లిళ్లకు వంట చేయడం నా వృత్తి. గుత్తివంకాయ గురించి అడిగేవారికంటే, చారుకు ఆ వాసన ఎలా వచ్చిందని అడిగేవారే ఎక్కువ. దినుసులు మీ ఇంట్లో ఉన్నవే. తేడా అంతా పొయ్యి ఎప్పుడు కట్టేశామన్న దాంట్లో ఉంది.

అపోహ: చారు ఎంత మరిగితే అంత రుచి.

సగం నిజం కాబట్టే ఇది ఎక్కువ చెరుపు చేస్తోంది. మరగాల్సింది చింతపండు రసం. ఉప్పు, పసుపు, టమాటా ముక్కలు, కొత్తిమీర కాడలు వేసి పది నిమిషాలు మరిగిస్తే పచ్చివాసన పోతుంది. పప్పు కట్టు, చారుపొడి చేరాక మాత్రం మరగనివ్వకూడదు. మిరియాలు, జీలకర్ర, ధనియాల వాసన వాటి నూనెల్లో ఉంటుంది, అవి ఆవిరితో ఎగిరిపోతాయి. ఇల్లంతా ఘుమఘుమలాడుతోందని మురిసిపోతాం కానీ, ఆ మేరకు గిన్నెలో తగ్గినట్టే. అంచుల వెంట లేచిన నురగ మధ్యకు చేరుతుండగానే దించి, ఇంగువ పోపు పెట్టి, కొత్తిమీర ఆకు చల్లి మూత పెట్టండి. రాత్రికి మళ్లీ వేడిచేసినా నురగ దగ్గరే ఆపాలి.

అపోహ: పప్పు ఎంత వేస్తే అంత మంచిది.

అది పప్పుచారు. నాకూ ఇష్టమే, కానీ వేరే వంటకం. చారుకు కట్టు చాలు. నలుగురికి గుప్పెడు కందిపప్పు మెత్తగా ఉడికించి, నీళ్లు పోసి మెదిపి, పైతేట వంచుకోవాలి. చారుపొడి బదులు సాంబారు పొడి వేసినా తేట పోయి చిక్కబడుతుంది.

అపోహ: పప్పు, చింతపండు కలిపి కుక్కర్లో పెడితే పని తగ్గుతుంది.

పెరుగుతుంది. పులుపు తగిలిన పప్పు ఒక పట్టాన మెత్తబడదు. కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి రెండు వందల మందికి ఇలాగే పెట్టాడు. ఎంతసేపు ఉడికినా గింజ గింజగానే ఉంది. ఆ రోజు విస్తళ్లలోకి వెళ్లింది మిరియాల చారు. ఎవరికీ తెలియలేదు, పైగా మెచ్చుకున్నారు!

అపోహ: మిరపకాయ లేనిదే చారు లేదు.

మిరపకాయ పోర్చుగీసువారితో 16వ శతాబ్దంలో వచ్చింది. అంతకుముందు మన వంటల్లో కారమంటే ముఖ్యంగా మిరియాలే. తమిళంలో 'మిరియాల నీళ్లు' అనే మాటే ఇంగ్లీషువారి నోట 'మల్లిగటానీ' అయింది.

అపోహ: చారు తాగితే జలుబు తగ్గుతుంది.

ఆ వేడికి ముక్కు, గొంతు కాస్త తేలికపడతాయి. జలుబు ఉండే నాలుగు రోజులూ ఉండే పోతుంది.

అపోహ: ఇత్తడి గిన్నె ఏదైనా ఒకటే.

కాదు. లోపల కళాయి (తగరపు పూత) లేని ఇత్తడిలో చింతపండు పులుపుకు లోహం కరిగి చారులో కలుస్తుంది. తమిళనాట వాడే తగరపు చెంబుకు ఆ బెడద లేదు కానీ, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. అందులో చారు పోశాకే పొయ్యి వెలిగించాలి. ఖాళీది మంట మీద పెడితే చెంబు మిగలదు.