నీళ్లు నెమ్మదిగా కనిపిస్తే కయాక్ దించేయొచ్చా?

కయాక్ అంటే తెడ్డు వేసి నడిపే సన్నని చిన్న పడవ. కయాకింగ్ నేర్పే పనిలో ఉన్నవాళ్లకి వారాంతం దగ్గరపడితే ఫోన్‌కి ఫొటోలే ఫొటోలు. "చోటు బాగుంది, వెళ్లొచ్చా?" అని అడుగుతారు. ఫొటోలో కొండలు కనిపిస్తాయి గానీ నీటి నడక కనిపించదు కదా.

అపోహ: అలలు లేని నది మెల్లగా పారుతున్నట్టే.

వాస్తవం: లోతున్న చోట గోదావరి వడిగా పోతున్నా పైకి అద్దంలా ఉండొచ్చు. పాపికొండల దగ్గర నది ఇరుకవుతుంది. వరద రోజుల్లో అక్కడి సుడులు లాంచీలకే గండం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగింది వరద గోదావరిలోనే. వరద పూర్తిగా తీసి, నీరు తేటపడ్డాకే అటు చూడండి.

దిగేముందు చిన్న పరీక్ష చేయండి. గట్టు మీద పది మీటర్లు కొలిచి, సగం మునిగే పచ్చి పుల్లను నడి నీట్లో పడేలా విసరండి. ఎండుటాకు వద్దు, గాలికి పోతుంది. గట్టు వారన వేసినా లాభం లేదు, అక్కడ నీరు మామూలుగా మెల్లగానే ఉంటుంది. పుల్ల పది సెకన్లలో ఆ దూరం దాటితే ప్రవాహం గంటకు 3.6 కిలోమీటర్లు. కొత్తవాళ్లు తెడ్డు వేసేది గంటకు నాలుగైదు కిలోమీటర్లే. ఎదురీది వెనక్కి రావాలంటే గంటసేపు చేతులు పడిపోయేలా లాగినా కిలోమీటరు దాటడం కష్టం.

అపోహ: చెరువో రిజర్వాయరో అయితే టెన్షన్ లేదు.

వాస్తవం: ప్రవాహం లేకపోయినా గాలి ఉంటుంది. వికారాబాద్ దగ్గర కోట్‌పల్లి లాంటి చోట్లకి పొద్దున్నే వెళ్లండి. పోయేటప్పుడు గాలికి ఎదురుగా పోతే, అలిసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే వెనకనుంచి తోస్తుంది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు! అలుగు, తూము ఛాయలకు మాత్రం పోవద్దు.

అపోహ: కోనసీమ కాలువలకు ఎప్పుడైనా వెళ్లొచ్చు.

వాస్తవం: వేసవిలో మామూలుగా కాలువలు కట్టేస్తారు. నీళ్లున్నప్పుడూ కొన్నిచోట్ల గుర్రపుడెక్క తెడ్డు కదలనివ్వదు. సముద్రం దగ్గరి పాయల్లో, కోరంగి మడ అడవుల్లో రోజుకు రెండుసార్లు పోటు (నీరు ఎక్కడం), రెండుసార్లు పాటు (నీరు తీయడం). పాటు వేళ సన్నని పాయలోకి దూరితే మళ్లీ పోటు వచ్చేదాకా బురదలో కూర్చోవాల్సిందే. పోటు ఎప్పుడు మళ్లుతుందో అక్కడి జాలర్లను అడగండి. కోరంగి అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా దిగకండి.

అపోహ: ఈత వస్తే లైఫ్ జాకెట్ ఎందుకు?

వాస్తవం: దీని మీద నేను వాదన పెట్టుకోను, వేసుకోండి. బకిల్స్ అన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరితోనైనా పైకి లాగించండి. చెవుల దాకా వచ్చిందంటే సైజు మార్చమనండి.