కొత్త కార్బురేటర్ వేసినా చైన్ సా మొరాయిస్తోందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురం ప్రాంతంలో చైన్ సాకు పని కొదవ లేదు. ఎండిపోయిన చీనీ చెట్లు తీసేయాలన్నా, మామిడి కొమ్మలు కోయాలన్నా, చెరువుల్లో, వంకల్లో అల్లుకుపోయిన సర్కారు తుమ్మను నరకాలన్నా అదే దిక్కు. అది మొరాయిస్తే మా షాపుకు తెచ్చేవాళ్లలో చాలామంది రోగం పేరు కూడా తామే చెప్పేస్తారు: “అన్నా, కార్బురేటర్ పోయింది, కొత్తది వేసెయ్.” ఇంకొందరు ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించి, సొంతంగా బిగించి, అప్పటికీ స్టార్ట్ కాకపోతే సంచిలో వేసుకుని వస్తారు. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం రాస్తున్నాను. కార్బురేటర్‌ను మార్చడం పెద్ద పని కాదు, మార్చాక మిషనును దారికి తేవడమే పని.

అపోహ: స్టార్ట్ కాకపోతే కార్బురేటర్ పోయినట్టే.

నేనైతే కార్బురేటర్‌ను అన్నిటికంటే చివర అనుమానిస్తాను. ముందు నాలుగైదు సార్లు తాడు లాగి, ప్లగ్గు విప్పి చూడండి. తడిగా ఉందా, పొడిగా ఉందా? తడిగా ఉంటే పెట్రోలు వస్తోందన్నమాట. అప్పుడు చూడాల్సింది స్పార్కు, మూసుకుపోయిన చోక్, మసి పట్టిన సైలెన్సర్ జాలీ. పొడిగా ఉంటే పెట్రోలు దారిలో ఎక్కడో ఆగిపోయింది.

పొడిగా ఉన్నప్పుడు ఇంకో పరీక్ష ఉంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, కార్బురేటర్ నోట్లో ఆయిల్ కలిపిన పెట్రోలు మూడు నాలుగు చుక్కలు వేసి, ఫిల్టర్ పెట్టి తాడు లాగండి. రెండు మూడు సెకన్లు మోగి ఆగిపోతే స్పార్కు, కంప్రెషన్ పనిచేస్తున్నాయి, తప్పు పెట్రోలు సరఫరాలోనే ఉంది. అప్పుడు ట్యాంకులోకి వంచిన కమ్మీ పెట్టి లోపలి పెట్రోలు ఫిల్టరును బయటికి లాగి చూడండి. నల్లగా, జిగటగా ఉంటే మార్చేయండి. దానితో పాటు ట్యూబును వేళ్ల మధ్య వంచండి. ట్యాంకు గోడలోంచి బయటికి వచ్చే చోట సన్నని పగులు ఉంటే, అది పెట్రోలుకు బదులు గాలిని లాగుతుంది. ఈ ట్యూబు పగులుకు కార్బురేటర్‌ను శిక్షించిన మిషన్లు మా బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి.

ఇంకొకటి, మిషను బాగానే మొదలై, కాసేపు కోసి, నీరసించి ఆగిపోయిందనుకోండి. ట్యాంకు మూత వదులు చేయగానే ‘సుయ్’మని గాలి లోపలికి పోయి, మళ్లీ స్టార్ట్ అయితే ట్యాంకు గాలి రంధ్రం మూసుకుంది. వేసవిలో మాత్రం దీనికి ఉల్టాగా, ట్యాంకులో ఒత్తిడి పెరిగి, మూత తీయగానే పెట్రోలు ముఖం మీదికి చిమ్ముతుంది. మిషను చల్లారాక, మూతను మెల్లగా తిప్పి తీయండి. పక్కన బీడీ వెలిగించినవాళ్లు ఉంటే దూరం పంపండి.

అపోహ: చూడటానికి ఒకేలా ఉన్న కార్బురేటర్లన్నీ ఒకటే.

కావు. గొంతు వ్యాసం, లోపలి జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం), చోక్ కడ్డీ తగిలే చోటు, పల్స్ రంధ్రం (ఇంజను నుంచి పీల్పు, ఒత్తిడి వచ్చే చిన్న దారి) ఉన్న చోటు, వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా బోల్టులు బిగుసుకుంటాయి గానీ ఇంజను పలకదు. మిషను మోడల్‌తో పాటు పాత కార్బురేటర్ మీద చెక్కిన అక్షరాలు, అంకెలు చూసి కొనండి. వాల్‌బ్రో, జామా వంటి తయారీదారుల కార్బురేటర్ల మీద అవి స్పష్టంగానే ఉంటాయి.

అపోహ: కొత్తది బిగించాక పెట్రోలు రావడం లేదంటే ఆ కార్బురేటర్ డూప్లికేటు.

ఎక్కువసార్లు తప్పు ప్యాకింగులో, అంటే కార్బురేటర్‌కు, ఇంజనుకు మధ్య పెట్టే గాస్కెట్‌లో దొరుకుతుంది. కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చేతులారా బిగించుకున్నవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

బైకు కార్బురేటర్‌లో ఉన్నట్టు ఇందులో ఫ్లోట్, పెట్రోలు నిలిచే గిన్నె ఉండవు. మిషనును పక్కకు, తలకిందులుగా ఎలా పట్టుకున్నా పనిచేయాలి కాబట్టి పలుచని పొరలతో నడుస్తుంది. పిస్టన్ పైకి వెళ్లినప్పుడు క్రాంక్ కేసులో పీల్పు, కిందికి వచ్చినప్పుడు ఒత్తిడి పుడతాయి. ఆ పీల్పు, ఒత్తిడి ఒక చిన్న రంధ్రం గుండా కార్బురేటర్‌కు చేరి, పంపు పొరను అటూ ఇటూ ఆడిస్తాయి. ఆ పొర ఆడితేనే ట్యాంకు నుంచి పెట్రోలు వస్తుంది. ఆ రంధ్రం అగ్గిపుల్ల తల పట్టేంత కూడా ఉండదు. కార్బురేటర్‌కు, ఇంజనుకు మధ్య పెట్టే కాగితం ప్యాకింగులో కూడా దానికి ఎదురుగా అంతే చిన్న రంధ్రం ఉంటుంది. ప్యాకింగును తిరగేసి పెట్టారనుకోండి, బోల్టు రంధ్రాలు చక్కగా సరిపోతాయి, పల్స్ దారి మాత్రం మూసుకుపోతుంది. తాడు తెగేదాకా లాగినా పెట్రోలు చుక్క రాదు. ప్యాకింగుకు గమ్ము పూసేవాళ్లదీ ఇదే గతి. ఆ గమ్ము పిండుకుని వచ్చి రంధ్రంలో గడ్డకడుతుంది. కొన్ని మోడళ్లలో ఈ పల్స్ విడి ట్యూబు ద్వారా వస్తుంది. అది ఊడిపోయినా, పగిలినా ఫలితం ఇదే.

కార్బురేటర్ విప్పి పొరలు, ప్యాకింగుల కిట్టు వేసుకునేవాళ్లకు ఒక మాట. ఇంజనుకు ఎంత పెట్రోలు పోవాలో చూసే మీటరింగ్ పొర వైపు, అంటే మధ్యలో గాలి రంధ్రం ఉన్న మూత వైపు, ముందు ప్యాకింగు, దాని మీద పొర. పంపు వైపు వరుస తయారీదారును బట్టి ఉంటుంది కనుక విప్పేటప్పుడే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి.

అపోహ: రబ్బరు బుడ్డను ఎంత ఎక్కువ నొక్కితే ఇంజనులోకి అంత పెట్రోలు పోతుంది.

చైన్ సాల మీద మామూలుగా కనిపించే బుడ్డ ఇంజనులోకి పెట్రోలు కొట్టదు. ట్యాంకులోని పెట్రోలును కార్బురేటర్ గుండా లాగి, అందులోని గాలిని వెళ్లగొట్టి, మిగిలినదాన్ని తిరిగి ట్యాంకులోకే పంపుతుంది. బుడ్డలో పెట్రోలు నిండుగా కనిపించిందంటే దాని పని అయిపోయింది. బుడ్డ నిండుతోంది కదా, పంపు బాగుందని అనుకోవడం కూడా పొరపాటే. బుడ్డ వేలి బలంతో లాగుతుంది, పంపు పొర ఇంజను పల్స్‌తో లాగుతుంది. కొత్తది వేశాక బుడ్డ అసలు నిండకపోతే రెండు ట్యూబులూ తారుమారు అయ్యాయేమో చూడండి.

అపోహ: కొత్త కార్బురేటర్ కంపెనీలోనే సెట్ అయి వస్తుంది, స్క్రూలు ముట్టుకోకూడదు.

అది మీ మిషనును ఎన్నడూ చూడలేదు. మీ ఎయిర్ ఫిల్టర్, మీ సైలెన్సర్, మీరు కలిపే ఆయిల్, వీటికి తగ్గట్టు సరిచేయాల్సింది మీరే. హెచ్ స్క్రూ లేకుండా స్థిరమైన జెట్టుతో వచ్చేవీ, కంప్యూటర్ తరహాలో తనే సరిచేసుకునేవీ ఉన్నాయి, వాటి జోలికి వెళ్లనక్కర్లేదు. మామూలుగా మూడు స్క్రూలు ఉంటాయి. ఎల్ స్లోలో, రేసు అందుకునేటప్పుడు పెట్రోలు ఇస్తుంది. హెచ్ పూర్తి రేసులో ఇస్తుంది. టీ పెట్రోలును కాదు, స్లో వేగాన్ని చూస్తుంది. ఎల్, హెచ్ రెండిటినీ కుడివైపు తిప్పితే పెట్రోలు తగ్గి లీన్ అవుతుంది, ఎడమవైపు తిప్పితే పెట్రోలు పెరిగి రిచ్ అవుతుంది.

ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా, పెట్రోలు తాజాగా, చైను పదునుగా ఉన్నాకే మొదలుపెట్టండి. ఎల్, హెచ్ స్క్రూలు రెండిటినీ మెల్లగా ఆగేదాకా కుడివైపు తిప్పండి. గట్టిగా బిగిస్తే సూది మొన, దాని గూడు రెండూ పాడవుతాయి. అక్కడి నుంచి ఒక్కో చుట్టు వెనక్కి తిప్పండి. చాలా మోడళ్లకు అది స్టార్ట్ కావడానికి సరిపోతుంది, మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఇంజను వేడెక్కాక ఎల్‌ను అటూ ఇటూ తిప్పి స్లో ఎక్కడ ఎక్కువగా పలుకుతుందో పట్టుకుని, అక్కడి నుంచి కొద్దిగా, పావు చుట్టుకు మించకుండా ఎడమవైపు తిప్పండి. రేసు ఇవ్వగానే తడబడి ఆగిపోతే ఎల్ లీన్‌గా ఉంది. స్లోలో కాసేపు ఉంచితే పొగ కక్కుతూ మునిగిపోతే రిచ్‌గా ఉంది. ఆ తర్వాతే టీ. స్లోలో చైను కదలకూడదు. టీ తగ్గించినా చైను తిరుగుతూనే ఉంటే క్లచ్ స్ప్రింగులు చూపించండి. ఈ పని అంతా మిషను నేల మీద, చైను ఎవరి కాళ్ల వైపూ లేకుండా చేయాలి.

అపోహ: హెచ్ స్క్రూ బిగిస్తే పవర్ పెరుగుతుంది.

ఈ ఒక్క నమ్మకం తిన్న పిస్టన్లు ఇంకేదీ తినలేదు. హెచ్ బిగిస్తే శబ్దం సన్నగా, విజిల్‌లా పెరుగుతుంది. వినేవాడికి హుషారు. కానీ టూ స్ట్రోక్ ఇంజనుకు ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే. పెట్రోలు తగ్గించిన ప్రతిసారీ ఆయిల్‌ను కూడా తగ్గిస్తున్నారు, పైగా వేడి పెంచుతున్నారు. మొదట కోతలో బలం తగ్గినట్టు ఉంటుంది, తర్వాత పిస్టన్ ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. అప్పుడు సైలెన్సర్ విప్పి, పొగ బయటికి వచ్చే కిటికీలోంచి టార్చి వేసి చూస్తే పిస్టన్ మీద నిలువు గీతలు కనిపిస్తాయి, రింగు గాడిలో అతుక్కుపోయి ఉంటుంది. ఆ వైపే ఎక్కువ వేడి కాబట్టి దెబ్బ అక్కడే మొదలవుతుంది.

సరిగ్గా ఉన్న హెచ్‌ను చెవితో పట్టవచ్చు. కోత లేకుండా పూర్తి రేసు ఇచ్చినప్పుడు శబ్దం నున్నగా ఉండకూడదు, కొంచెం గరగరలాడాలి. చైను కట్టెలో దిగగానే ఆ గరగర పోయి శుభ్రంగా పలకాలి. కట్టె బయట కూడా నున్నగా విజిల్ వేస్తే లీన్, కట్టెలో కూడా గరగరలాడితే రిచ్. ఖాళీగా పూర్తి రేసు మూడు నాలుగు సెకన్లకు మించి ఇవ్వకండి. సందేహం ఉంటే కాస్త రిచ్ వైపే వదిలేయండి. మే ఎండలో సరిపెట్టిన హెచ్ డిసెంబరు తెల్లవారుజామున లీన్ అవుతుందన్నది కూడా గుర్తుంచుకోండి, చల్లగాలి చిక్కన.

అపోహ: టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ ఎంత ఎక్కువ పోస్తే ఇంజనుకు అంత మంచిది.

50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్, 25:1 అంటే 40. మిషను మీద, ఆయిల్ డబ్బా మీద ఏది ఉందో అది పోయాలి. అదనంగా పోస్తే అదే జెట్టులోంచి వెళ్లే పెట్రోలు పాలు తగ్గుతుంది, అంటే మిశ్రమం లీన్ అవుతుంది. పైగా ప్లగ్గు, జాలీ మసిబారతాయి. చైనుకు వేసే ఆయిల్ ఇందులో కలపకండి. నవ్వకండి, కలిపి తెచ్చినవాళ్లున్నారు.

అపోహ: స్లో హెచ్చుతగ్గులైతే కొత్త కార్బురేటర్ కూడా పాడే.

రేసు వదిలినా స్లోకు దిగడానికి ఆలస్యం చేయడం, స్లో తనంతట తాను పెరిగి తగ్గడం, ఎల్ ఎంత తిప్పినా నిలకడ లేకపోవడం, ఇవన్నీ ఎక్కడినుంచో దొంగగాలి దూరుతోందనే చెబుతాయి. కార్బురేటర్ వెనక రబ్బరు బూటు పగులు, క్రాంకు ఆయిల్ సీలు, వదులైన బోల్టు చూడండి. ఈ గాలి దూరుతుండగా హెచ్, ఎల్ తిప్పి సర్దుబాటు చేస్తే పిస్టన్ మళ్లీ ప్రమాదంలో పడుతుంది.

అపోహ: సీజన్ అయ్యాక ట్యాంకులో పెట్రోలు ఉంచితే పొరలు ఎండిపోవు.

ఒకప్పుడు ఏమోగానీ ఇప్పుడు కాదు. బంకుల్లో దొరికే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది, చైన్ సా మాన్యువల్లు చాలావరకు 10 శాతానికి మించవద్దంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది, పాత ట్యూబులను, పొరలను చెరుపుతుంది. నెల రోజులకు మించి మిషను పక్కన పెడుతుంటే ట్యాంకు ఖాళీ చేసి, స్లోలో నడిపి, దానంతట అది ఆగిపోయేదాకా ఉంచండి.

చివరగా, పాత కార్బురేటర్‌ను తూకానికి వేయకండి. లోపలి రంధ్రాల్లో పిన్నీసు పొడవకుండా, మూత బిగించి ఉండగా కంప్రెసర్ గాలి కొట్టకుండా ఉంచి ఉంటే, చాలావాటికి పొరలు, సూది, ప్యాకింగుల కిట్టు వేస్తే చాలు. మిషను తెచ్చేటప్పుడు దాన్ని కూడా, మీరు కలిపిన పెట్రోలు కొంచెం సీసాలో పోసుకుని తీసుకురండి.