విరిగిన వెల్డింగును సాఫ్ చేయొద్దు

బాలానగర్‌లో ఒక షెడ్డు. క్రేన్ పట్టాను మోసే బ్రాకెట్ ఒకటి స్తంభం నుంచి ఊడి వేలాడుతోంది. నేను వెళ్లేసరికే వెల్డర్ గ్రైండర్ అందుకున్నాడు.

"ఆగన్నా, దాన్ని ముట్టకు."

"ఏముంది సార్, సాఫ్ జేసి మల్ల నాలుగు రాడ్లు కాలిస్తే అయిపాయె."

అతను సాఫ్ చేయబోయినదే మాకున్న సాక్ష్యం. టార్చి ఏటవాలుగా పట్టి చూశాం. విరిగిన ముఖం ముప్పావు వంతు తుప్పు రంగులో ఉంది. చివర బొటనవేలంత మేర మాత్రం కొత్తగా మెరుస్తోంది. నిన్న తెగింది ఆ కాస్తే. మిగతాది చాలాకాలంగా గాలీ తేమా తగులుతూ తెరుచుకునే ఉంది. తుప్పులో వంపు గీతలు కనిపించాయి, చెరువు ఎండేకొద్దీ గట్టురాళ్ల మీద మిగిలే నీటి చారల్లా. క్రేన్ బరువెత్తి దించేకొద్దీ పగులు పాకుతుంది. బరువు మారినప్పుడో, క్రేన్ కొన్నాళ్లు ఆగినప్పుడో ఒక చార పడుతుంది. దీన్నే ఫెటీగ్ అంటారు, లోహానికొచ్చే అలసట. చారలన్నీ ఎక్కడి నుంచి విప్పారాయో పగులు మొదలైందీ అక్కడే. ఇక్కడ అది బీడ్ (కరిగి గడ్డకట్టిన వెల్డింగ్ వరస) అంచున ఉన్న సన్నని గాడి. కరెంటు ఎక్కువ పెట్టి కాలిస్తే ప్లేటు కరిగి పడే ఈ గాడిని అండర్‌కట్ అంటారు.

1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో అలెగ్జాండర్ కీలాండ్ అనే, చమురు కార్మికులు బస చేసే తేలే ఉక్కు వేదిక బోల్తాపడి 123 మంది చనిపోయారు. పగులు పుట్టింది ఏ భారీ అతుకులోనో కాదు. నీటి అడుగు శబ్దాలు వినే హైడ్రోఫోన్‌ను బిగించడానికి వేసిన 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డింగులో, అంటే రెండు ప్లేట్లు కలిసే మూలలో వేసే అతుకులో. ఆ పగులు లోపల పెయింటు దొరికింది. అంటే రంగు వేసేనాటికే అక్కడ పగిలి ఉంది! ఎవరైనా ముందే గ్రైండర్ పెట్టి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

చారల్లేకుండా, ముఖమంతా గింజగింజగా మెరుస్తుంటే అది ఒక్కసారిగా పుటుక్కున విరిగినట్టు. వెల్డింగ్ వేసిన మర్నాడో మూడోనాడో పగిలిందంటే మాత్రం నేను ముందు అడిగేది రాడ్ల గురించే. వానాకాలంలో విప్పి పడేసిన ప్యాకెట్ తేమ పీలుస్తుంది. ఆర్క్ వేడికి ఆ తేమ నుంచి హైడ్రోజన్ విడివడి కరిగిన లోహంలో దూరుతుంది. చల్లారాక, గట్టిపడి పెళుసెక్కిన అంచున నిదానంగా పగులు తెస్తుంది. మందపాటి ప్లేట్లు వేడిని గబగబా లాగేస్తాయి కాబట్టి వాటికే ఈ బెడద ఎక్కువ. 48 గంటలు ఆగి పరీక్షించమనేది అందుకే. హైడ్రోజన్ తక్కువగా వదిలే 7018 రకం రాడ్లను 300 డిగ్రీలు దాటించి ఆరబెట్టి, వేడి పెట్టెలో ఉంచుకుని వాడాలి. నేను చూసిన ఒక వేడి పెట్టెలో రాడ్లు లేవు, నాలుగు టిఫిన్ డబ్బాలున్నాయి.

బాలానగర్‌కే వస్తే, ఫొటోలు తీసి, విరిగిన ముక్కను కోసి దాచాం. తర్వాత పక్క బ్రాకెట్‌కు, కంటికి కనపడని పగుళ్లలోకి ఇంకే ఎర్ర ద్రవం పూయమన్నాను.

"దానికేం కాలే సార్."

పది నిమిషాలాగి, తుడిచి, తెల్ల పొడి స్ప్రే చేశాడు. తెల్లటి పూత మీద, సరిగ్గా బీడ్ అంచు వెంబడి, వెంట్రుకంత ఎర్రగీత మెల్లగా తేలింది.