బ్యాంకు అడగని భూకంప బీమా

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఇళ్లు కొన్నారు. ఇంటి బీమా చూపించనిదే అక్కడ ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. ఆ పాలసీ మధ్యలో ఆగిపోతే బ్యాంకే ఇంకో ఖరీదైన పాలసీ తీసి, ఆ ఖర్చు ఇంటివాళ్ల మీద వేస్తుంది. అదే ఊరి కింద నుంచి హేవర్డ్ ఫాల్ట్ అనే భూమి పగులు పోతోంది. 1868లో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. 2043 లోపు బే ఏరియాలో (ఫ్రీమాంట్ ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ప్రాంతం) 6.7 తీవ్రత గానీ అంతకు మించి గానీ భూకంపం వచ్చే అవకాశం 72 శాతం అని అమెరికా ప్రభుత్వ భూగర్భ పరిశోధన సంస్థ యూఎస్‌జీఎస్ 2014లో అంచనా వేసింది. అయినా భూకంప బీమా సంగతి బ్యాంకు ఎత్తదు. మామూలు ఇంటి పాలసీలో భూకంప నష్టం కలిసి ఉండదు కూడా.

బ్యాంకే అడగలేదు కదా, అంత ప్రమాదం ఉండదులే అని చాలామంది అనుకుంటారు. అసలు కారణం వేరు.

వంటింట్లో మంట అంటుకుంటే ఒక ఇల్లు కాలుతుంది, మహా అయితే పక్కిల్లు. ఏ ఇల్లు కాలుతుందో తెలియదు గానీ, లక్ష ఇళ్లలో ఏడాదికి సుమారుగా ఎన్ని కాలతాయో లెక్కకు అందుతుంది. బీమా నడిచేది ఆ లెక్క మీదే. భూకంపం అలా ఒక్కొక్కరి దగ్గరకీ విడివిడిగా రాదు. నెలకొకరు పాడుకునే చీటీలో సభ్యులందరూ ఒకే నెల డబ్బు కావాలని కూర్చుంటే ఏమవుతుందో, ఆ రోజు బీమా కంపెనీకి అదే అవుతుంది.

1994 జనవరి 17న లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్‌లో అదే జరిగింది. తీవ్రత 6.7. బీమా కంపెనీలు 12 బిలియన్ డాలర్లకు పైగా చెల్లించాల్సి వచ్చింది. అంతకు ముందు పాతికేళ్లలో ఆ రాష్ట్రంలో భూకంప బీమా కింద వసూలైన ప్రీమియం అందులో మూడో వంతు కూడా లేదు. ఇంటి పాలసీ అమ్మే కంపెనీ భూకంప పాలసీ కూడా ఇవ్వజూపాలని అప్పటికే చట్టం ఉంది. దాంతో కంపెనీలు మామూలు ఇంటి పాలసీలు అమ్మడమే తగ్గించేశాయి. పాలసీ లేకపోతే లోన్ లేదు, లోన్ లేకపోతే ఇల్లు అమ్ముడుపోదు. ఆ ముడి విప్పడానికే 1996లో, కంపెనీల బదులు భూకంప బీమా భారం మోసే కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ పుట్టింది. ఈ రోజు బ్యాంకులన్నీ భూకంప బీమా తప్పనిసరి చేస్తే మళ్లీ అలాంటి చిక్కే రావచ్చని నా అభిప్రాయం.

బ్యాంకుకు అంత అవసరమూ లేదు. బ్యాంకులు ఇచ్చిన చాలా లోన్లు, ఇంటి లోన్లను కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్ సంస్థలకు వెళ్లిపోతాయి. వాటి లోన్లు దేశమంతా పరుచుకుని ఉంటాయి కాబట్టి ఒక్క ఊరి భూకంపంతో అవి మునిగిపోవు. కాలిఫోర్నియాలో ఇంటి ధరలో పెద్ద వాటా స్థలానిదే, అది భూకంపం తర్వాతా మిగులుతుంది. చెక్క ఇళ్లు బాగా దెబ్బతిన్నా పూర్తిగా కూలడం తక్కువ. వరద ముప్పు ఉన్న చోట వరద బీమా ఉండాలని 1973 నాటి ఫెడరల్ చట్టం ఉంది; భూకంపానికి అలాంటి చట్టం లేదు. తనకు తానుగా ఈ షరతు పెట్టే బ్యాంకును వదిలి కస్టమర్లు ఇంకో బ్యాంకుకు వెళ్తారు.

ఇంటివాళ్లకు మాత్రం ఆ ఒక్క ఇల్లే ఆస్తి. నష్టం మొదట పోయేది ఇంట్లో వాళ్లు పెట్టిన డబ్బులోంచే. ఇల్లు కొనడానికి తీసుకున్న లోన్ అయితే, బ్యాంకు ఇంటిని తీసుకోగలదు గానీ మిగతా బాకీ కోసం వెంటపడకూడదని కాలిఫోర్నియా చట్టం చెబుతుంది. అందువల్ల ఈ మధ్యే కొన్నవాళ్ల కంటే, ఇరవై ఏళ్లుగా వాయిదాలు కట్టి లోన్ దాదాపు తీర్చేసినవాళ్లకే పోయేది ఎక్కువ. భూకంప పాలసీ తీసుకున్నా డిడక్టబుల్, అంటే నష్టంలో ముందుగా మనమే భరించాల్సిన వాటా, కవరేజీలో 5 నుంచి 25 శాతం దాకా ఉంటుంది. 6 లక్షల డాలర్ల కవరేజీలో 15 శాతం అంటే, మొదటి 90 వేలు సొంతంగా పెట్టుకోవాలి.

మన దేశంలో 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో భూకంపం కూడా కలిసే ఉంటుంది. ఆ పాలసీ ఉన్న హైదరాబాద్ ఇంటికి దొరికే రక్షణ, ఫాల్ట్ మీదున్న ఫ్రీమాంట్ ఇంటికి విడిగా కొనుక్కుంటే తప్ప లేదు. అయితే భూకంపం వల్ల మంటలు లేస్తే ఆ నష్టం కాలిఫోర్నియాలో మామూలు ఇంటి పాలసీ కిందికే వస్తుంది. పునాది మీద నుంచి ఇల్లు జారిపోతే రాదు. 1980కి ముందు కట్టిన ఇళ్లలో ఆ ముప్పు ఎక్కువ కాబట్టి, వాటిని పునాదికి బోల్టులతో బిగించుకోవడానికి రాష్ట్రంలోని ఒక పథకం కింద, అర్హత ఉన్నవాళ్లకు 3,000 డాలర్ల దాకా గ్రాంట్ ఇస్తున్నారు.